వేరే కంచం

నిన్న పొద్దున వంటింటి గడప దగ్గర సత్తు గ్లాసు ఠంగుమంటే నా ఒళ్లు మండింది. గిన్నెలు తోమే రమణమ్మ వేలి మీద గడ్డ లేచిందని నా కోడలు ఆమె టీకి వేరే గ్లాసు పెట్టింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. అరవై ఏళ్ల కింద, చిట్టమూరు దగ్గర పల్లెలో కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను విన్నదే.

అప్పుడు నా మణికట్టు మీద రేగుపండంత గడ్డ లేచింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టే పెద్దరోగమని, అంటే కుష్టని మా అత్త తేల్చేసింది. నాకు సత్తుకంచం వేరు పెట్టింది. రోలు ముట్టనీయలేదు. చర్చిలో వెనక చాప మీద ఒక్కదాన్నే కూర్చోమంది. నెల తిరక్కుండానే నన్ను పుట్టింటికి పంపేయడానికి బండి కట్టించింది. నా మొగుడు నోరు విప్పలేదు. ఆయన పోయినా ఆ మౌనం మీద నా కోపం పోలేదు.

పక్కింటి సుగుణమ్మగారు కావలిలో నర్సుగా చేసి వచ్చిన మనిషి. బండి చూసి, చేతికంటిన పిండి కడుక్కోకుండానే వచ్చింది.

"ఏంది వదినా, ఈ పిల్లను యాడికి పంపిస్తుండావు?"

"దానికి పెద్దరోగం నర్సమ్మా. చెయ్యి చూడు."

సుగుణమ్మగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. వాకిట్లో పడున్న కోడి ఈక తీసి గడ్డ మీద, వేళ్ల మీద ఆనించింది. "తగిలినప్పుడల్లా చెప్పమ్మాయ్." ఒక్కసారి కూడా తప్పకుండా చెప్పినాను.

"ఆ రోగమైతే స్పర్శ పోతుంది వదినా. ఇది కీలు దగ్గర తిత్తి కట్టి నీరు చేరింది. చేతిలో గడ్డంటే ఒకటేనా? కొవ్వు పేరుకున్నా గడ్డే, రొయ్య ముల్లు లోపల విరిగినా గడ్డే, వయసుకు ఎముక ముడి కట్టినా గడ్డే. ఏదీ, నీ వేళ్లు చాపు!"

అత్త వేళ్లు కణుపుకణుపునా చెరుకుగడల్లా ఉండేవి. గబుక్కున కొంగులో దాచుకుంది, అన్నాళ్లూ నా చెయ్యి నేను దాచుకున్నట్టే.

"నీకూ కంచం వేరు పెట్టమంటావా?"

బండివాడు కిసుక్కుమన్నాడు. నాకూ నవ్వొచ్చింది. సుగుణమ్మగారు నా మీదికి తిరిగింది. "నవ్వకమ్మాయ్. నిజంగా ఆ రోగమే అయితే? దానికి బిళ్లలుండాయి. అప్పుడు మాత్రం మనిషిని కుక్కలాగా పక్కన కూర్చోబెట్టొచ్చా?" అని, నా సత్తుకంచంలోనే అన్నం కలపమని, నా చేత్తో ముద్ద పెట్టించుకొని తినింది. అత్త ఎడ్లను విప్పించింది.

నిన్న రమణమ్మ గ్లాసు నేను తీసుకున్నాను. నాది ఆమెకిచ్చినాను.

"అంటుకుంటుందేమో అత్తయ్యా!" అనింది కోడలు.

ముడులు తేలిన నా వేళ్లు చాపినాను. "మరి నాకేదీ వేరే గ్లాసు?"

రమణమ్మ గడ్డ ఏందో నాకు తెలియదు. రేపు నేనే డాక్టరుకు చూపిస్తాను. ఆయన ఏం చెప్పినా సరే, ఆ సత్తు గ్లాసు మాత్రం నాదే.