బావగారి పద్యానికి జవాబు

విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడానికి మనిషికి సవాలక్ష కారణాలు ఉండవచ్చు. నాకు ఉన్నది ఒకటే: మా బావగారిని నలుగురి ముందు నవ్వులపాలు చేయాలి. దరఖాస్తులో మాత్రం ‘సాహిత్యాభిలాష’ అని రాశాను. తరువాతి కాలంలో అది కొంతవరకు నిజమైంది గనుక, పూర్తి అబద్ధం రాశానని ఇప్పుడు ఒప్పుకోలేను.

యాభైల చివర, నేను నెల్లూరులో బి.ఎస్సీ. చదువుతుండగా, మా అక్కను తోటపల్లి గూడూరు అవతల, సముద్రానికి మైలు దూరంలో ఉన్న ఊరికి ఇచ్చారు. మాది లోపలి ఊరు. వరిమడుల్లో మోకాటి లోతు నీళ్లే నేనెరిగిన జలాశయం. కాలేజీకి వచ్చాక పెన్నలో ఈత నేర్చుకున్నాను గానీ, సముద్రాన్ని దగ్గరగా చూసింది లేదు. పెళ్లయిన మూడోనాడు బావగారు బంధువులందరినీ వెంటబెట్టుకుని నన్ను ఒడ్డుకు తీసుకుపోయారు. అక్కడ జాలరుల తెప్ప ఒకటి సిద్ధంగా ఉంది. నాలుగు దుంగలను తాడుతో బిగించి కట్టినదాన్నే తెప్ప అంటారు.

“ఏమోయ్ బావమరిదీ, సైన్సు చదివే మొగోడివి గదా. నాలుగు కొయ్యల మీద నిలబడలేవా? నేను దీని మీద నిలబడి అలని తోలుకోని ఒడ్డుకొచ్చినా, ఎన్నిసార్లో!”

ఆయన మాటను ప్రశ్నించకుండా నమ్మాను. నా జీవితంలో ఋజువు అడగకుండా నమ్మిన చివరి మాట అదే. ఎక్కాను, నిలబడ్డాను. మొదటి అలకే తెప్ప కాళ్ల కింద కుంగింది. నేను ఒకవైపు, నా పంచె ఒకవైపు కొట్టుకుపోయాము. ఒక జాలరి ఇచ్చిన తువ్వాలు చుట్టుకుని, కొత్త వియ్యాలవారి వీధి మొత్తం నడిచి ఇల్లు చేరాను.

అంతటితో పోయేదే. కానీ మా వైపు పెళ్లి భోజనాల్లో ఒక ఆచారం ఉండేది. పంక్తిలో కూర్చున్నవారు ఒకరి మీద ఒకరు పద్యాలు చదువుకునేవారు. ఎవరి మీద చదివితే వారు పద్యంతోనే జవాబు చెప్పాలి. చెప్పలేనివాడు తల వంచుకుని అన్నం కలుపుకోవాలి. బావగారు నేను పడిన వైనాన్ని ఒక ఆటవెలదిలో బిగించారు. వరుసగా నాలుగు పెళ్లిళ్లలో దాన్ని రాగం తీసి చదివారు. చదివిన ప్రతిసారీ, “జవాబేదోయ్?” అని ఆగి, నా విస్తరి వైపు చూసేవారు. నాలుగు సార్లూ నేను తల వంచుకుని అన్నం కలిపాను.

మా చెల్లెలి పెళ్లి రెండేళ్లలో చేస్తామని నాన్న అన్న రోజే నాకు గడువు తెలిసిపోయింది. ఆ పంక్తిలో నేను తల వంచకూడదు. అందుకు మూడు కావాలి: ఎక్కి నేర్చుకోవడానికి అలలు, పద్యం కట్టడానికి చదువు, కట్టిన పద్యాన్ని పరీక్షించడానికి తగినంత స్నేహబృందం.

తిరుపతి దగ్గరే, కానీ సముద్రం లేదు. మద్రాసులో సముద్రం ఉంది. ఒక ఆదివారం వెళ్లి చూశాను. అక్కడి విద్యార్థులు ఇసుకలో కూర్చుని శనగలు తింటున్నారు, నీళ్లలోకి దిగినవాడు ఒక్కడూ కనబడలేదు. విశాఖలో జాలరులు నివసించే ఒడ్డుకు హాస్టలు గదుల నుంచి నడిచే పోవచ్చునని ఎవరో చెప్పారు. ఎన్ని నిమిషాలు పడుతుందని అక్కడే చదివిన మరొకాయనకు ఉత్తరం రాశాను. సైన్సు చదివినవాణ్ణి సాహిత్యంలో చేర్చుకుంటారా అని విశ్వవిద్యాలయానికి వేరే ఉత్తరం రాశాను. రెండు జవాబులూ చేతికి వచ్చిన తరువాతే టిక్కెట్టు కొన్నాను.

అక్కడి రెండేళ్లు ఎలా గడిచాయంటే, తెల్లవారగానే ఒడ్డున ఉండేవాణ్ణి. మూడు పెద్ద అలల తరువాత ఒక చిన్న అల వస్తుందని జాలరులు గట్టిగా చెప్పేవారు. రెండు వారాల పాటు లెక్క రాసుకున్నాను. ఆ మాట సగం సార్లు కూడా నిలవలేదు. అయినా వాళ్లు సరైన అలనే పట్టుకునేవారు. వాళ్ల నోరు చెప్పే దానికీ కళ్లు చూసే దానికీ సంబంధం లేదని తెలిశాక, మాటలు వినడం మాని చూపులను అనుసరించాను. ఆరు నెలలకు తెప్ప మీద నిలబడ్డాను. సాయంత్రాలు మిత్రుల మధ్య పద్యాలు చదివేవాణ్ణి. వాళ్లు మర్యాదకు నవ్వినవి కొట్టివేసి, ఆపుకోలేక నవ్వినవి మాత్రం దాచుకున్నాను. వాళ్లు నన్ను సరదా మనిషి అనుకున్నారు. అది వారి పొరపాటు.

పెళ్లికి నెల ముందు, ఒంటరిగా అక్కావాళ్ల ఊరికి పోయి, ఆనాడు తెప్పా తువ్వాలూ ఇచ్చిన ముసలి జాలరిని పట్టుకున్నాను.

“మా బావ తెప్ప మీద నిలబడడం నువ్వు చూసినావా, అన్నా?”

“నిలబడేదా? కూసోని తాడు పట్టుకుంటాడయ్యా, రెండు చేతులా. అలొస్తే కళ్లు మూసుకుంటాడు.”

“మరి ఆ దినం నాకు తెప్ప అట్టా కుంగిందేంది?”

ఆయన ఇసుక మీద ఆరుతున్న దుంగల వైపు చూశాడు. తెప్ప ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఇసుక మీద ఎండబెట్టడం వారి పద్ధతి. నీళ్లు పీల్చిన దుంగ మనిషి బరువు మోయదు.

“మీ బావగారే చెప్పినాడయ్యా, రెండు దినాలు ఎండబెట్టకండిరా, నీళ్లలోనే ఉంచండి అని. కొత్త బావమరిదితో పరాచికం గదా అనుకున్నాం.”

ఒక్క సాక్ష్యం చాలదు. ఆయన భార్యను విడిగా అడిగాను. ఆమె కూడా అదే చెప్పింది. పైగా నాకిచ్చిన తువ్వాలు ఇంకా తిరిగి రాలేదని గుర్తు చేసింది.

ఇక మిగిలింది అక్క. “బావకు ఈత వచ్చునా?” అని అడిగితే, “రాదురా. ఏం, ఎందుకు?” అన్నది అనుమానంగా. ఊరికే అన్నాను. మరునాడు తెడ్డు పట్టుకుపోయి నీటి లోతు కొలిచాను. నడుము దాటని చోటును గుర్తు పెట్టుకున్నాను. ఆయనను చంపడం నా ఉద్దేశం కాదు. ఆయన చాలాకాలం బతికి గుర్తుంచుకోవాలి.

చెల్లెల్ని కూడా ఆ ఊరికే ఇచ్చారు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం పెళ్లి వరుడింట్లోనే జరిగింది. మరునాటి ఉదయం బంధువులను నేనే ఒడ్డుకు పిలుచుకుపోయాను. బాగా ఎండిన దుంగలతో తెప్ప కట్టించి ఉంచాను.

“రండి బావా, ఇద్దరం నిలబడి వద్దాం.”

“పట్టుపంచె కట్టుకోనుండానోయ్.”

“తువ్వాలిస్తా, చుట్టుకోండి.”

“పొద్దున తిన్న పెసరట్టు ఇంకా అరగలా.”

వెనక నుంచి ఆయన పినతండ్రే అందుకున్నాడు. “ఏందబ్బాయ్ సణుగుతుండావు? ఎన్నిసార్లో తోలినానంటివి గదా అలని! పో, తోలుకోని రా!”

“నడుముల్లోతే గదయ్యా,” అన్నాడు ముసలి జాలరి, అమాయకంగా.

బావగారు తడి ఇసుక దాకా వచ్చారు. ఒక అల నురగతో పాదాల వైపు పాకింది. పంచె కుచ్చెళ్లు రెండు చేతులతో పైకెత్తి, మూడడుగులు వెనక్కు వేశారు. నేను ఒక్కణ్ణే పోయాను. నిలబడి, అల వీపు మీద నేరుగా వచ్చి, ఆయన నిలుచున్న చోటికి నాలుగు మూరల దూరంలో ఇసుక మీద దిగాను. నా పంచె నా నడుముకే ఉంది.

మధ్యాహ్నం పంక్తిలో సాంబారు అన్నం అయ్యాక గొంతు సవరించుకున్నాను.

కడలి యొడ్డు నిలిచి కథలు చెప్పెడి బావ
యలను చూడగానె యాగినాడు
బావగారి పంచె బాగుగా నున్నది
తడియలేదు, గట్టు దాటలేదు

నవ్వు పంక్తి ఆ కొస నుంచి ఈ కొస దాకా వచ్చింది. అది మర్యాద నవ్వు కాదు. ఆ తేడా నేను రెండేళ్లు కష్టపడి నేర్చుకున్నది. బావగారి పినతండ్రికి పొలమారింది. నేను ఆగాను. ఆయన విస్తరి వైపు చూశాను.

“జవాబేది బావా?”

ఆయన తల వంచుకుని, వట్టి అన్నంలో వేళ్లు ఒకసారి తిప్పి, “పెరుగు తెండి,” అన్నారు.

పెరుగు వడ్డిస్తున్నది మా అక్క. ఆయనకు రెండు గరిటెలు వేసింది. తరువాతి విస్తరి నాది. దాన్ని దాటి ముందుకు పోయింది.

“అక్కా, నాకు?”

“నీకెందుకురా? కడుపు నిండా తినే ఉండావుగా ఈ పొద్దు,” అన్నది వెనక్కి తిరగకుండానే.

ఆ రోజు వట్టి అన్నంతో భోజనం ముగించాను. ఎంత జాగ్రత్తగా పరీక్షించినా, అక్క జవాబులో నాకు ఏ లోపమూ కనబడలేదు.