ఒక్కడే నడపలేని పడవ

ఎస్కిల్ ముసలాయనకు లోకంలో అన్ని విషయాలూ ఇట్టే తేలిపోయేవి, ఒక్కటి తప్ప. ఇల్లు గుమ్మంలోంచి చూసి కొనేశాడు. డాన్సు హాల్లో కలిసిన అమ్మాయిని పాట పూర్తయ్యేలోగా "నన్ను పెళ్లాడతావా?" అని అడిగేశాడు. అలాంటి మనిషి తన చిన్న తెరచాప పడవకు ఫర్లర్ ఎంచుకోవడం మాత్రం ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోయాడు.

ఫర్లర్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. పడవ ముక్కున ఒక డ్రమ్ము ఉంటుంది. దాని తాడు వెనక కూర్చునే చోటికి వస్తుంది. లాగితే ముందు తెరచాప చాపలా చుట్టుకుంటుంది. అది లేని పడవలో గాలి ముదిరినప్పుడల్లా ఎవరో ఒకరు ఎగిరెగిరిపడే ముక్కు మీదికి పాకి, నిలువునా తడుస్తూ, తెరచాప దించి కొక్కేలు విప్పాలి. ఎస్కిల్ పడవలో ఆ పని హోల్గర్‌ది. ఆయన ఎస్కిల్‌కు చిన్ననాటి నేస్తం. ఒకప్పుడు ఇద్దరూ ఓడలు కట్టే ఒకే షిప్‌యార్డ్‌లో పనిచేశారు, హోల్గర్ వెల్డరుగా.

ఆ డెన్మార్క్ రేవులో పడవ సామాన్ల కొట్టు సిగ్నెది. మంచు కరుగుతోందంటే ఆమెకు గుండె దడ. ఎస్కిల్ వచ్చేస్తాడు. డ్రమ్ము తిప్పుతాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, వాసన కూడా చూస్తాడు.

"అంతా బాగుంది, కానీ…"

"ఆ కానీ ఏంటో చెప్పండి పెద్దాయనా."

"మరీ ఎత్తు. తెరచాప కురచైపోయి పొట్టి లాగు తొడిగినట్టుంటుంది."

"అయితే ఇది చూడండి. డెక్కు కిందికి దిగిపోతుంది."

"డెక్కుకు బెజ్జం పెట్టాలిగా? నీ నెత్తికి పెడతానంటే ఊరుకుంటావా?"

"పోనీ ఇది. వెన్నలా తిరుగుతుంది, తుప్పు పట్టదు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఒక్కరే నడుపుకోవచ్చు!"

అంతే, ఎస్కిల్ ఆ డ్రమ్మును కాలే గిన్నెలా బల్ల మీద పెట్టేసేవాడు. "సగం చుడితే తెరచాపకు బొజ్జ వస్తుంది," అని గొణుక్కుంటూ వెళ్లిపోయేవాడు. వెళ్లేముందు కాఫీ మాత్రం వదిలేవాడు కాదు.

కొట్టుతో ఆగినా బాగుండేది. రేవుకొచ్చిన పరాయి పడవల ఫర్లర్లు కూడా లాగి చూసేవాడు. ఒక పొద్దున కొత్తగా పెళ్లైన జర్మన్ జంట దుప్పటి చుట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చారు. చూస్తే తమ తెరచాప విచ్చుకుని పడవ గట్టును కుమ్ముతోంది. "అంతా బాగుంది, కానీ తాడు సన్నం," అని వాళ్లకు తీర్పు చెప్పి ఎస్కిల్ చక్కా పోయాడు.

ఒక ఏడాది మాత్రం కొట్టుకు ఎస్కిల్ కన్నా ముందు హోల్గర్ వచ్చాడు, తలుపు పట్టుకుని మెట్టెక్కుతూ.

"సిగ్నెమ్మా, వాడికి ఏదో ఒకటి అంటగట్టు, నీకు పుణ్యముంటుంది. నా మోకాళ్లు పోయాయి. ఆఖరుసారి వెళ్లినప్పుడు ముక్కు మీద జారి నీళ్ల మీద వేలాడాను. వాడు చూడలేదులే."

"ఆ ముక్క ఆయనతోనే చెప్పొచ్చుగా?"

"చెబితే పడవ అమ్మేస్తాడు, వెర్రివెధవ. అదే ఫర్లర్ ఉందనుకో, ఒక్కడే పోతాడు. నేను గట్టున కూర్చుని చూస్తాను."

"మీరూ హాయిగా కూర్చుని వెళ్లొచ్చు కదా."

హోల్గర్ మొహం మాడిపోయింది. "చేతిలో పని లేకుండానా? సరుకులాగానా?"

ఆ రేవులో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. తాడు పట్టినవాడు నావికుడు, పట్టనివాడు సరుకు.

మర్నాడు ఎస్కిల్ రాగానే సిగ్నె గడియ పెట్టింది. "ఇవాళ తేలాల్సిందే పెద్దాయనా. ఇదిగో, ఇది ఒక్కరే…"

ఆయన చెయ్యి అప్పుడే డ్రమ్మును వదిలేసింది. సిగ్నె ఆగిపోయింది. ఇన్నేళ్లుగా సరుకును ఏ మాటతో పొగిడిందో, ఆ మాటే బేరం చెడగొడుతోంది!

"మీకు గిట్టనిది డ్రమ్మా, ఆ మాటా?"

ఎస్కిల్ చక్కెర వెయ్యని కాఫీని చాలాసేపు కలిపాడు.

"షిప్‌యార్డ్‌లో కొత్త యంత్రాలు దించిన రోజు మేనేజరూ ఇదే అన్నాడు, ఇక ఒక్కడే నడపొచ్చని. మా చేత చప్పట్లు కూడా కొట్టించాడు. ఆ ఒక్కడు హోల్గర్ కాదు, వాణ్ని ఇంటికి పంపేశారు. వాడి మోకాళ్లు చూస్తూనే ఉన్నా, కానీ ఇప్పుడు నేనూ వాడికి అదే చెప్పనా?"

యంత్రాన్ని ఎక్కడ బిగించాలో ప్రతి యజమానీ ఆలోచిస్తాడు. అది లేవగొట్టిన మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ పట్టదు. ఎస్కిల్‌కు పట్టింది. అందుకే డ్రమ్ములకు బొజ్జలూ పొట్టి లాగులూ అంటగడుతూ వచ్చాడు.

సిగ్నె డ్రమ్ము తాడు చేతిలోకి తీసుకుంది. "తాడు చుక్కాని పక్కకే రావాలని ఎక్కడా లేదు. ఎదుటి బల్ల దగ్గరికి తిప్పుతాను. చుక్కాని పట్టుకున్నవాడికి చెయ్యందదు."

"అంటే ఒక్కడే నడపలేడా?"

"చచ్చినా నడపలేడు."

"బిగించు," అన్నాడు ఎస్కిల్. మంచి ఫర్లర్లన్నిటికీ వంకలు పెట్టిన మనిషి చివరికి వంకను చూసే కొన్నాడు.

సీజను మొదలైందని రేవులోని పడవల క్లబ్బు జెండా ఎగరేసిన రోజున పడవ బయల్దేరింది. ఎదుటి బల్ల మీద దిండు, దాని మీద హోల్గర్, ఆయన గుప్పిట్లో తాడు.

"చుట్టమంటావా?"

"నువ్వే చూడరా! నాకెక్కడ అంది చచ్చింది?" అని ఎస్కిల్ విసుక్కున్నాడు, ఒళ్లంతా సంబరంతో.

మర్నాడు పొద్దున్నే కొట్టు తలుపు చప్పుడైంది. హోల్గర్ వచ్చి తాళ్ల చుట్టలు ఒక్కొక్కటే తడిమాడు, మెలిపెట్టాడు, వాసన చూశాడు.

"ఫర్లర్ అంతా బాగుంది సిగ్నెమ్మా, కానీ ఆ తాడు…"

సిగ్నె ఎస్కిల్ కప్పు పక్కన రెండో కాఫీ కప్పు పెట్టింది.