పచ్చరంగు డబ్బా

మా పురుగుమందుల డబ్బాలతో నేలకు ఎంత హానో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచమని కరీంనగర్‌లోని మా కంపెనీ నాకు చెప్పింది. రెండు చూశాను. వాడేసిన డబ్బా ఏమవుతుందన్న ప్రశ్నకు మొదటిదానిలో మూడే జవాబులున్నాయి: కరిగించడం, కాల్చడం, పూడ్చడం. రెండోదానిలో ఇంకొకటి ఉంది: ఇంట్లో మళ్లీ వాడడం. అది నొక్కగానే మార్కులు పెరిగి తెర ఆకుపచ్చగా మారింది.

“గిదే మంచిగున్నది. మన దిక్కు డబ్బా ఎవడు పారేస్తడు?” అన్నాడు మేనేజర్.

నిజమే, ఎవరూ పారెయ్యరు. ఖానాపూర్ దగ్గర మా చిన్నమ్మ అలాంటి డబ్బానే బూడిదతో తోమి, పత్తి చేనికి తాగే నీళ్లు అందులోనే పట్టుకుపోయేది. వాసన పోయిందని మూత తీసి నాకు చూపించింది కూడా. ఒక మధ్యాహ్నం చేనులోనే నురగలు కక్కి చనిపోయింది. అందరూ వడదెబ్బ అన్నారు.

మేనేజర్‌కు ఇదంతా చెప్పాను.

“పాపం,” అన్నాడాయన. “మరి గది గిండ్ల యాడ రాస్తం?”

వెతికాను. మనిషి గురించి అడిగే గడి ఎక్కడా లేదు. చివరికి రెండోదే కొన్నాం.

చిన్నమ్మ దినాలు అయ్యాక చిన్నాయన ఆ డబ్బాను మళ్లీ తోమాడు. ఇప్పుడు చేనికి తాగే నీళ్లు అందులోనే పోతున్నాయి.