మా నాయన అప్పగించేసిన కట్టెల డిపో

పోయిన ఆదివారం మా చిన్నమ్మాయి, ఈ ఏడే అటవీ విద్యలో డిగ్రీకి చేరిన పిల్ల, సెలవులకు వచ్చి నన్ను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కట్టెల పొయ్యి మీద పిజ్జాలు కాల్చే హోటలుకు లాక్కుపోయింది. గోడవారగా అందం కోసం పేర్చిన సరుగుడు కట్టెల వాసన తగిలేసరికి నాకు ముద్ద దిగలేదు. పాపం, పిజ్జా నాకు పడలేదనుకుంది. నేనూ అవుననే అన్నాను.

మనలో కె.ఆర్.పురం పాత రోజులు ఎరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు, అప్పట్లో స్నానాల గదిలో రాగి అండా కింద కట్టె మండందే ఏ ఇంటా తెల్లవారేది కాదు, ఆ కట్టెలు అమ్మే డిపోల్లో ఒకటి మా నాయనది. కోలారు వైపు మెట్టపొలాల్లో రైతులు వేసిన సరుగుడు తోటలు బేరమాడి, కొట్టించి, లారీకెత్తించి తెచ్చేవాడు. భుజాన తువ్వాలు, చొక్కా నిండా బెరడు పొట్టు, ఎవరొచ్చినా "రాప్పా" అనే పలకరింపు. తక్కెడ దగ్గర నిలబడ్డాడంటే మా వీధికి ఆయనే జమీందారు. ఆ పొట్టంతా ఇంట్లోకి మోసుకొస్తాడని మా అమ్మ మాత్రం రోజూ సణిగేది.

నాకు అటవీ కళాశాలలో సీటు వచ్చినప్పుడు ఆ చదువేమిటో మావాళ్లెవరికీ తెలియదు. అడవిలో తిరగడానికి డిగ్రీ ఎందుకురా, గొడ్లు తిరగడంలేదా అని మా మేనమామ వేళాకోళం చేశాడు. మా నాయన నవ్వలేదు. వారం తిరక్కుండా డిపోను అన్న వరసైన బంధువుకు అప్పగించేశాడు. అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంటే ఒక్కటే అన్నాడు: "అడివి కాసేదానికి పోతా ఉండాడు మనోడు. వాళ్ల నాయన కట్టెలమ్మేవాడని రేపు ఎవురన్నా అంటే వానికి తలవంపు కదే." తర్వాత కాడుగోడిలో ఎవరిదో గోదాములో తూకం చూసే పనికి కుదిరి, నా చదువు ఆ జీతంతోనే గట్టెక్కించాడు.

కళాశాలలో మొదటి ఏడాదే మా మాస్టారు ఒక పాఠం చెప్పారు: రైతు తన చేలో పెంచి కొట్టే సరుగుడు వల్ల అడవికి నష్టం లేదనీ, పట్నానికి ఆ కట్టె దొరికినన్నాళ్లూ అడవి మీద గొడ్డలి పడే అవసరం తగ్గుతుందనీ. అంటే మా నాయన ఇన్నాళ్లూ అడవికి మేలే చేశాడన్నమాట. ఆ మాట చెవిన వేసి ఉంటే పరుగున వెళ్లి డిపో తిరిగి తీసుకునేవాడు. బంధువు కాదనే మనిషి కాదు. నేను చెప్పలేదు. హాస్టల్లో మీ నాన్నగారేం చేస్తారని అడిగితే గోదాములో ఉద్యోగమని చెప్పుకోవడం నాకు హాయిగా ఉండేది మరి. సెలవులకు వచ్చినప్పుడల్లా, రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం అని దాటవేస్తూ వచ్చాను.

అటవీ శాఖలో ఉద్యోగం వచ్చాక ఒకసారి ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టించిన చెట్ల దుంగలు వేలం కోసం ఆవరణలో పేర్చి ఉన్నాయి. వాటిని కొట్టడానికి అనుమతిస్తూ సంతకం పెట్టింది నేనే. నేను లోపల టీ తెప్పిస్తుంటే ఆయన బయటే ఆగిపోయి, వచ్చేపోయేవాళ్లకు పక్కకు తప్పుకుంటూ, ఒక్కొక్క దుంగనే అరచేత్తో తట్టి చూస్తూ నిలబడ్డాడు. వెళ్లి పిలిస్తే చేతులు తువ్వాలుకు తుడుచుకుని, "బాగా ఎండి ఉండాదప్పా, మంచి కట్టె" అన్నాడు, అంతే. అప్పుడైనా నోరు విప్పవలసింది. టీ చల్లారుతోంది రా నాయనా అని మాత్రం అన్నాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. గ్యాసు వచ్చింది, గీజర్లు వచ్చాయి, కె.ఆర్.పురం డిపోలన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి, మా బంధువుదీ మిగల్లేదు. మీ నాన్న చేతిలో ఉన్నా ఎలాగూ మూతపడేదే కదా అని మా ఆవిడ ఊరడిస్తుంది. నిజమే. కానీ అలా మూతపడి ఉంటే మా నాయన తక్కిన డిపోలవాళ్లతో పాటు అరుగు మీద కూర్చుని గ్యాసును కసితీరా తిట్టుకునేవాడు. నా కోసం వదులుకున్నాడు గనుక పాపం, ఆయనకు తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేకపోయారు.