ర్యాంకు రాని మా కాఫీ సైటు

మొన్న ఆదివారం మా పెద్దమ్మ జ్వరంతో చనిపోయింది. ఆమె దగ్గర కాఫీ కొన్న మీలో చాలామంది ఇంకా ఆమె నంబరుకే మెసేజ్‌లు పెడుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పడం నాకు చేతకావడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా అనంతగిరి కాఫీకి వెబ్‌సైట్ కావాలని పట్టుబట్టింది ఆమే. పోయిన ఏడాది పంట బస్తాల్లోనే ఉండిపోయింది. నాన్న ఒక ర్యాంకుల సైట్ చూశాడు. ఏ వెబ్‌సైట్‌కి ఎంతమంది వస్తున్నారో బయటినుంచి అంచనా కట్టి చెప్పే సైట్ అది. మా పేరు కొడితే ర్యాంకే రాలేదు.

"వదినా, మన సైట్‌కి కుక్క కూడా రాట్లేదు. మూసీసి సరుకు దళారీకి ఇచ్చీద్దాం."

దళారీకి ఇస్తే కోత కూలి కూడా రాదు.

"సంత దాకా ఆగు మరిదీ" అంది పెద్దమ్మ.

సంతలో తన హాట్‌స్పాట్ ఆన్ చేసి, పసుపు అమ్మేవాళ్లనీ మేకలవాళ్లనీ కూర్చోబెట్టి మా సైట్ తెరిపించింది. అయినా ర్యాంకు రాలేదు. వాళ్లు అదే నెట్‌తో సినిమా పాటలు చూసుకున్నారు.

"నా డేటా మొత్తం మింగీసినారు గదర్రా!" అని తిట్టి, తనే పడీపడీ నవ్వింది. తర్వాత రోడ్డు వైపు చూసి, నన్ను పిలిచింది. "ఒరే గుంటడా, సంతకి ఎంతమందొచ్చినారో జీపులు లెక్కెడితే తెలుస్తాదేటి? కాలిదారిన దిగినోలు ఏటైపోనారు? మన గుమ్మం తొక్కినోల లెక్క మనకాడుండదేటి?"

ఉంటుంది. సైట్ లోపల దాని సొంత లెక్క ఉంటుంది. తెరిచి చూపించాను. విశాఖ, హైదరాబాద్, బెంగళూరు నుంచి రోజూ జనం వస్తున్నారు. కాఫీ పేజీ దాకా వచ్చి వెళ్లిపోతున్నారు.

"మరి కొనరేటి?"

ఆ పేజీలో ఫోన్ నంబరే లేదు. మా ఊళ్లో ఎవరిల్లు అడిగినా చేత్తో దారి చూపిస్తారు, నంబర్ ఇవ్వాల్సిన పనుండదు. అందుకని ఎవరికీ తట్టలేదు.

"నాదెట్టు. బేగి!"

మర్నాటి నుంచి మీ ఫోన్లు మొదలయ్యాయి. ఎవరు చేసినా ముందు "అన్నం తిన్నారేటి?" అని అడిగేది. ధర ఆ తర్వాతే.

ఆఖరి బస్తా జీపెక్కిన మధ్యాహ్నం నాన్న మెల్లగా అడిగాడు. "వదినా, ర్యాంకు సూడనా?"

"నువ్వు సూసుకో మరిదీ. నాకు పనుంది."

బస్తాలు పోయి, కాఫీ ఆరబెట్టే సిమెంటు కళ్లం ఖాళీగా, ఎండకి వెచ్చగా ఉంది. పెద్దమ్మ వెళ్లి దాని నడిమధ్య వెల్లకిలా పడుకుంది. చేతులు రెండూ బార్లా చాపి, కళ్లు మూసుకుని నవ్వుతోంది. గుండెల మీద ఫోన్ మోగుతూనే ఉంది.