పన్నెండో వాల్వు

ఏళ్ల తరబడి ఒక భయాన్ని మోస్తున్నాను. సముద్రం పేరు వింటే చాలు, అది లోపల కదులుతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీ మనిషికి సముద్రంతో ఏం పని అని నవ్వకండి. నేనూ అలాగే అనుకున్నాను.

మా ఫ్యాక్టరీలో వాల్వులు చేస్తారు. తయారైన ప్రతిదాన్నీ పంపుకు బిగించి, గంటసేపు నీటి ఒత్తిడి పెట్టి, కారడం లేదని చూసి సంతకం చేయడం నా పని. అవి యుద్ధం రోజులు. నేవీకి పన్నెండు వాల్వులు తొందరగా కావాలన్నారు. ఏ పడవకో డ్రాయింగులో లేదు. మేనేజరు మాత్రం చెవిలో చెప్పాడు: ఆరుగురు పట్టే చిన్న పడవ, చీకట్లో శత్రువు ఒడ్డుకు దొంగచాటుగా వెళ్తుంది, మునిగినా అది మాదేనని ఎవరూ అనరు.

పదకొండు పరీక్షించాను. ఒకటి మిగిలిన రోజు ఆయుధపూజ. మధ్యాహ్నానికే పంపుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పూజ చేసిన యంత్రాన్ని ఇక మర్నాటిదాకా ముట్టరు. గేటు దగ్గర నేవీ బండి ఎదురుచూస్తోంది.

ఆచారం అడ్డొచ్చిందని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. పంపు నడిపే యాదయ్య అన్నది ఇదీ:

“పూజైనంక ముట్టొద్దు సార్. గని ఇది నీళ్లల్ల పొయ్యే మనుషుల ముచ్చట. మీరు ఊ అంటే ఇంకో కొబ్బరికాయ కొట్టి నడుపుత. గంటనే గద!”

“ఎందుకులే యాదయ్యా, పదకొండూ బాగున్నాయిగా. ఇంటి దగ్గర గారెలు చల్లారిపోతాయి.”

“గారెలకు గింత పరేషానా సార్!” అని నవ్వాడు.

రిజిస్టరులో పన్నెండోదాని ఎదురుగా, పదకొండోదాని ఒత్తిడి అంకె కంటే రవ్వంత తగ్గించి రాసి సంతకం చేశాను, నిజంలా కనబడాలని. నాకు కథలు రాయడం రాదనుకునేవాణ్ని.

ఆ వాల్వు మంచిదే కావచ్చు. కాకపోతే? అది కారితే పడవలోకి నీళ్లే. రహస్యంగా వెళ్లిన పడవ మునిగితే పేపర్లో రాదు. టీవీలో అలలు కనిపిస్తే చానెల్ మార్చేస్తాను. వాల్వుకు పెట్టాల్సిన ఒత్తిడి నా గుండెకు పెట్టుకున్నాను, ఇది గంటకు దిగేది కాదు. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? జైలనా? అవీ ఉన్నాయి. కానీ అసలు భయం వేరు. చెబితే ఎవరో ఫైలు తెరిచి, ఆ పడవ తిరిగి రాలేదంటారేమోనని.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కున్న ఆరుగురు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో నాకు తెలియదు. పన్నెండోదాన్ని నేను పరీక్షించలేదు. ఇదిగో, రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.