కమలాక్షి గుట్ట ప్రయాణం

చంద్రపూర్ బజారులో ఫోన్ బూత్ నడిపే కమలాక్షికి పేరు తెలియని ఊరు లేదు, కళ్ళారా చూసిన ఊరూ లేదు. వీధి వీధికీ ఎస్టీడీ బోర్డులు లేస్తున్న కాలం అది. బొగ్గు గనుల వాళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీలకు కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె ఎదుట అద్దాల గదిలో నిలబడి పాట్నాతో, పుణేతో, కరీంనగర్‌తో కేకలేసి మాట్లాడి పోయేవాళ్ళు. ఆమె మాత్రం కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇటు వార్ధా దాటలేదు, అటు మంచిర్యాల దాటలేదు. స్టూలు మీద కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయని అందరూ అనుకునేవాళ్ళు. నిజానికి కీళ్ళ మధ్య అరుగుదల మొదలైంది. డాక్టరు దాచకుండా చెప్పాడు: "ఇప్పుడైతే ఎక్కడికైనా నడువుండ్రి. ముందు ముందు ఇంటి మెట్లు ఎక్కుడు గూడ కష్టమే." ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆ రోజు నుంచే మంచం మీద కూర్చోబెడతారని భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే విద్య ఒక గుట్ట సంగతి ఎత్తింది. విద్య అదే వీధి పిల్ల, మరాఠీ బడిలో టీచరు. పుణేలో చదివేటప్పుడు గుట్టలెక్కడం మరిగింది. ఒక మధ్యాహ్నం లైను దొరక్క బూత్‌లో కూర్చుని కళసూబాయి గురించి చెప్పింది. మహారాష్ట్రలో అంతకంటే ఎత్తయినది లేదట. శనివారం ఎక్కి, పైన గుడారంలో పండుకుని, ఆదివారం పొద్దు పొడుపు చూసి దిగొచ్చట.

"మన ఆడోళ్ళం పోదామక్కా. మస్తు మజా వస్తది," అంది విద్య.

కమలాక్షి నవ్వేసింది. కాని ఆ సాయంత్రం కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. పుట్టిన ఊరు చదును, మెట్టిన ఊరు చదును. ఎత్తున నిలబడి కిందికి చూడటమంటే ఆమెకు తెలిసింది మేడ మీద వడియాలు ఎండబెట్టడమే. మోకాళ్ళు మూలపడక ముందే ఒక్కసారి అంత ఎత్తు నుంచి లోకం ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది. ఇంకేమీ వద్దు, అదొక్కటే. ఆ కోరిక తనకే వింతగా తోచింది గాని వదల్లేదు.

భర్త అనంతరావు బజారులోనే తాడ్‌పత్రీల దుకాణం నడిపేవాడు. బొగ్గు లారీల మీద కప్పేవన్నీ అతని దగ్గరివే. మంచివాడే, కాని కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఆడోళ్ళు గుట్ట మీద గుడారాలేసుకొని పండుకునుడేంది? సర్కసోళ్ళా మీరు?" అన్నాడు.

అప్పుడు కమలాక్షి నోట ఆ మాట వచ్చింది. ఎందుకొచ్చిందో, ఎక్కడినుంచి వచ్చిందో గాని, ఆ ఒక్క మాటే తరవాత జరిగినదానికంతా మూలం.

"గుడారం కోసం కాదు. పైన అమ్మవారి గుడి ఉన్నదట. దర్శనానికి పోతున్నం."

గుడి ఉన్న మాట నిజమే. దాని కోసం పోతున్నామన్నదే అబద్ధం. మన ఇళ్ళలో ఆడదానికి సరదాగా ఊరు దాటడానికి దారి లేదు గాని, దేవుడి పేరు చెబితే కాశీ దాకా ఎవరూ అడ్డు రారు. అనంతరావు సరేనన్నాడు. వంటింట్లో ఉన్న అత్త కాంతమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, పడమటి దిక్కుకు తిరిగి దండం పెట్టింది.

"అమ్మా తల్లీ, నా కోడలు నడుచుకుంట నీ గుట్ట ఎక్కుతది. దాని మోకాళ్ళు బాగు చెయ్యి," అని అక్కడికక్కడే మొక్కేసింది. కోడలు రోజూ మోకాళ్ళకు నూనె రుద్దుకోవడం ఆమె చూస్తూనే ఉందన్నమాట. అబద్ధం అంత దూరం పోతుందని కమలాక్షి అనుకోలేదు. అయినా అనుమతి దొరికింది కదా అని ఊరుకుంది.

ఇక వీధిలో సందడి చెప్పనలవి కాదు. పక్కింటి జయ చేరింది, జయ వెనకాల ఇంకో ముగ్గురు చేరారు. శని, ఆదివారాలకు ముందు వెనక సెలవులు కలిసొచ్చే వారం చూశారు. వార్ధాలో బండి మారి, ఇగత్‌పురిలో దిగి, జీపులో గుట్ట కింది ఊరికి పోవాలని విద్య చెప్పింది. జయకు తిండి ధ్యాస తప్ప వేరే లేదు. "పైన పచ్చిపులుసు చేసుకుందాం, కుక్కర్ నేను తెస్త," అనేది. "కుక్కర్ మోసుకొని డొంగర్ ఎక్కుతవా వదినా?" అని విద్య తల పట్టుకునేది. చలికి స్వెట్టర్లు కావాలంటే చంద్రపూర్‌లో ఎవరికుంటాయి? పవర్ హౌస్ కాలనీలో ఉత్తరాది వాళ్ళను అడిగి తెచ్చారు. అవి పెట్టెల్లో వేసే డామరు గోలీల కంపు కొడుతుంటే డాబా మీద ఆరేశారు.

అనంతరావుకూ హుషారు వచ్చింది. "గుడారం నేను కుట్టిస్త," అని లారీ తాడ్‌పత్రీ ఒకటి కోయించి కుట్టించాడు. డాబా మీద నిలబెట్టి చూద్దామంటే దాన్ని పైకెక్కించడానికే ఇద్దరు హమాలీలు కావాల్సి వచ్చింది. విద్య ఆ గుడారం చుట్టూ తిరిగి, నవ్వు ఆపుకోలేక పిట్టగోడ మీద కూలబడింది. "అన్నా, దీని కింద మా బడి మొత్తం పడుతది!" చివరికి నాగపూర్ నుంచి తేలికైన గుడారాలు కిరాయికి మాట్లాడింది. అనంతరావు రెండు రోజులు అలిగాడు.

అలవాటు కోసం అందరూ పొద్దున్నే పాత కోట జట్‌పురా గేటు దాకా నడిచేవాళ్ళు, కోట గోడ మెట్లు ఎక్కి దిగేవాళ్ళు. కమలాక్షి అందరికంటే ముందు ఉండేది. నొప్పి ఉండేది, పళ్ళు బిగించేది. నొప్పి కంటే తొందర ఎక్కువగా ఉండేది.

బయల్దేరడానికి వారం ముందు, బూత్‌లో ఆమెకే ఫోను వచ్చింది. విసాపూర్ నుంచి. అనంతరావుకు చిన్నాయన వరసయ్యే భీమయ్య పోయాడు.

భీమయ్యను ఆమె ఏ పెళ్ళిలోనో ఒకసారి చూసి ఉంటుంది. ముఖం గూడా గుర్తుకు రాలేదు. కాని పాలోళ్ళు, ఒకే ఇంటిపేరు వాళ్ళు, మైల తప్పదు. మగవాళ్ళు పోయి కర్మలు చూసొచ్చారు. పదకొండో రోజు దాటాక, స్నానాలు అయ్యాక, ప్రయాణం రెండు వారాలు వెనక్కి జరుపుకుంటే సరిపోతుందనుకుంది కమలాక్షి. ఆమె లెక్క తప్పింది.

"అయ్యో బిడ్డా, పాలోళ్ళ ఇంట్ల సావైతే ఏడాది దాక గుట్ట ఎక్కరాదు," అంది కాంతమ్మ, ఇది కూడా తెలియదా అన్నట్టు.

గుట్ట మీది దేవుడి దగ్గరికి ఏడాది నిషిద్ధమని కమలాక్షికి తెలియక కాదు. తన గుట్టకు ఆ నియమం తగులుతుందని తోచలేదు. తనకది గుట్ట. ఇంట్లో అందరికీ అది గుడి. గుడి చేసింది ఎవరు? తనే.

విద్యకు ఒళ్ళు మండింది. "ఇది యాత్ర కాదు, ఉత్త డొంగర్ అని చెప్పక్కా. గుడిలకు పోకుంటే సరి. ఏం తప్పున్నది గిండ్ల?"

చెబుదామనే కమలాక్షి ఇంట్లోకి పోయింది. కాంతమ్మ దేవుడి గూట్లో ఒక కొబ్బరికాయకు పసుపు రాసి, ఎర్ర గుడ్డలో కట్టి పెడుతోంది.

"ఏడాదైనంక నువ్వే తీస్కపోయి కొట్టాలె. మొక్కు ఎటూ పోదు. అమ్మ ఎటూ పోదు," అంది.

అమ్మ ఎటూ పోదు సరే, మోకాళ్ళు పోతున్నాయి కదా అత్తమ్మా అని చెప్పాలి. చెబితే, దర్శనం అబద్ధమని తేలుతుంది, ఆ ముసలామె మొక్కు గూడా అబద్ధం అవుతుంది. తన మోకాళ్ళ కోసమే మొక్కిన మనిషికి ఆ మాట ఎట్లా చెబుతుంది? కక్కలేక మింగలేక తలుపు దగ్గర నిలబడి, మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చింది. భీమయ్య మీద కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని సిగ్గుపడింది.

కనీసం మిగిలినవాళ్ళనైనా పొమ్మని బతిమాలింది. ఒక్కరూ వినలేదు. "నువ్వు లేకుంట మేమెట్ల పోతం? మొక్కు నీది గదా. వచ్చే ఏడు అందరం కలిసే పోదాం," అంది జయ, గొప్ప త్యాగం చేసినట్టు. స్వెట్టర్లు కాలనీకి తిరిగిపోయాయి.

ఆ ఏడాది ఆమె పొద్దుటి నడక మానలేదు. మొదట గేటు దాకా పోయేది. వానాకాలానికి వీధి మలుపు దాకా. దీపావళి ముగ్గు వేయడానికి కూర్చుని, జయ చేయి పట్టుకుంటే గాని లేవలేకపోయింది. డాక్టరు చెప్పిన దానికంటే తొందరగా ముదిరింది రోగం.

భీమయ్య సంవత్సరీకం ముగియగానే కాంతమ్మే తొందరపెట్టింది. మొక్కు తనది కాబట్టి తనూ వస్తానంది. అందరూ బయల్దేరారు. గుట్ట కింది ఊరి పొలాల గట్ల మీద కమలాక్షి బాగానే నడిచింది. చెట్ల నీడ దాటి రాళ్ళ దారి నిటారుగా లేచేచోట ఆమె కుడి మోకాలు లోపలికి మడుచుకుపోయింది. ఇంకోసారి లేచింది, ఇంకో నాలుగడుగులు వేసింది, మళ్ళీ కూలబడింది. విద్య, జయ కలిసి ఆమెను కిందికి దించి ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. "అందరం ఆగిపోదాం," అన్నారు. ఈసారి ఆమె ఒప్పుకోలేదు, అరిచినంత పని చేసి పంపింది.

కాంతమ్మ చెప్పులు విప్పి కోడలి పక్కన పెట్టింది. చీర కచ్చె బిగించి, కొబ్బరికాయ కొంగున కట్టుకుని, నిటారు బండలకు బిగించిన ఇనుప నిచ్చెనల వైపు నడిచింది. డెబ్భై ఏళ్ళ మనిషి చిన్న చుక్క అయ్యేదాకా కమలాక్షి చూస్తూనే ఉంది. తరవాత మబ్బు అడ్డం వచ్చింది. ఆ ఇంటివాళ్ళు పెట్టిన జొన్నరొట్టె తిని, వాళ్ళు వదిలిపోయిన సంచులకూ అత్త చెప్పులకూ కాపలాగా ఆ రోజూ, మర్నాడు పొద్దెక్కేదాకా అక్కడే ఉంది.

దిగొచ్చినవాళ్ళలో అందరికంటే ముందు కాంతమ్మే ఉంది. పాదాలు పగిలి ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది.

కమలాక్షి ఆగలేకపోయింది. "అత్తమ్మా, పొద్దుపొడుపు చూసిండ్రా? మీది నుంచి కిందంత ఎట్ల కనబడ్డది?"

"ఏమో బిడ్డా, నేనేడ చూసిన? మీదికి చేరిన కాడికెల్లి దిగుడు మొదలయ్యేదాక కండ్లు మూసుకొని అమ్మకు నీ మోకాళ్ళ సంగతే చెప్పిన."

అరుగు మీద కూర్చుని, కొంగుముడి విప్పి, తెచ్చిన పసుపు తీసింది. కోడలి చీర కుచ్చిళ్ళు కొద్దిగా పైకి జరిపి రెండు మోకాళ్ళకూ మెల్లగా రాయసాగింది. కమలాక్షి కాళ్ళు చాపుకుని కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆపుకోవడానికి గుట్ట వైపు గాని అత్త వైపు గాని చూడలేదు.

"తక్కువైనట్టు అనిపిస్తున్నదా?" అని అడిగింది కాంతమ్మ.

"తక్కువైందత్తమ్మా," అంది కమలాక్షి.